మూడో ప్రపంచంలో మా బాపు అంగి

నిన్న టీవీలో ఎవరో పెద్దమనిషి మన దేశాన్ని ‘గ్లోబల్ సౌత్’ గొంతుక అని పొగుడుతుంటే, ఉద్యోగం విరమించినా కొలతల అలవాటు పోని నేను లేచి అట్లాసు తీశాను. మన దేశమంతా భూమధ్యరేఖకు ఉత్తరానే ఉంది. మా సిద్దిపేట పద్దెనిమిది డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. నిజంగా దక్షిణాన ఉన్న ఆస్ట్రేలియాను మాత్రం ఎవరూ ఆ మాటతో పిలవరు. ఇటువంటి పేర్ల మీద నాకు అనుమానం ఈనాటిది కాదు. నా ఈడువారికి దీని పాత పేరు గుర్తుండే ఉంటుంది: మూడో ప్రపంచం.

నేను పాలిటెక్నిక్ ముగించి డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన కొత్తలో, బాపు, అంటే మా నాన్న, గుంటమగ్గం మీద నేసే గొల్లభామ చీర కోసం, ఏదో విదేశీ ప్రదర్శన తరఫున ఒక దొర కెమెరాతో మా ఇంటికి వచ్చాడు. నేసినవాడి ఫొటో, పేరు చీర పక్కనే పెడతామని ముందే కబురు చేయడంతో, వారం నుంచి బాపుకు అదే ధ్యాస. మగ్గం నుంచి చీర కోసేనాడు ఉతికిన అంగి తొడుక్కోవడం మా ఇంటి ఆనవాయితీ. ఆనాడు ఇస్త్రీ చేసిన తెల్ల అంగితో కూర్చున్నాడు. దొర చూసి, ఇది మూడో ప్రపంచపు నేతగాళ్ల ప్రదర్శన కనుక అంగి లేకుంటేనే సహజంగా ఉంటుందన్నాడు. దుబాసీని నేనే.

“మూడోదా? లెక్కవెట్టిందెవరు బిడ్డా?” అన్నాడు బాపు.

అమెరికా వైపు కొన్ని, రష్యా వైపు కొన్ని దేశాలు జట్టు కడితే, ఎటూ చేరనివాటికి ఒక ఫ్రెంచి పండితుడు పెట్టిన పేరనీ, పూర్వం వాళ్ల రాజ్యంలో మతగురువులు, ప్రభువుల తర్వాత మూడో వర్గంగా ఉండి చివరకు తలెత్తిన సామాన్యజనాన్ని తలుచుకునే పెట్టాడనీ, పేదరికమన్న అర్థం తర్వాత అంటుకున్నదనీ చదివినంతా చెప్పాను.

“గట్లయితే మంచి మాటనే గదరా! మరి అంగెందుకు ఇప్పుమంటుండు?”

పొయ్యి దగ్గరి నుంచి అవ్వ, అంటే మా అమ్మ, “ముందుగాల ఆయన కోటు ఇప్పుమను, ఎండకు సచ్చేటట్టున్నడు” అన్నది. బాపు అంగి విప్పలేదు. దొర నవ్వుతూనే కెమెరా కిందికి దించి, ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

కొన్ని నెలలకు ప్రదర్శన పుస్తకం టపాలో వచ్చింది. చీర మీద రెండు చేతులు, మణికట్టు వరకే. కింద ‘మూడో ప్రపంచపు చేతులు’ అన్న మాట తప్ప పేరు లేదు. బొటనవేలి మీది గంటు చూసి అవ్వ గుర్తుపట్టింది.

“గివి మీ బాపు చేతులే. మరి మొకమేది?” అంటూ చివరి పుట దాకా వెతికింది. తర్వాతి చీర కోసేనాడూ బాపు ఉతికిన అంగే తొడుక్కున్నాడు.

ఇప్పుడు బాపు లేడు, అవ్వా లేదు. మగ్గం గుంట పూడ్చి, టైల్స్ పరిచి, సరిగ్గా అక్కడే టీవీ పెట్టుకున్నాం. ప్రపంచం మనల్ని పిలిచే పేరూ మారింది. మంచి మాటే కావచ్చు, ఆ పాతదీ మంచి మాటగానే పుట్టింది. అందుకేనేమో, ఆ కొత్త పేరు వినబడినప్పుడల్లా నా చేయి తెలియకుండానే మెడ దగ్గరికి పోయి, అంగి గుండీ పెట్టి ఉందో లేదో తడుముకుంటుంది.