కారుకు వేసిన స్లాబు

1984 ఎండాకాలంలో నన్ను బాడీ సెక్షన్ ఫోర్‌మన్‌ని చేసి, బొంబాయి కామాఠిపురలో ఫోరస్ రోడ్ పక్కనున్న మా కార్ల వర్క్‌షాపు శాఖకు బదిలీ చేశారు. వర్లి చాళ్లలో, అంటే వరస గదుల ఇళ్లలో, పుట్టి పెరిగినవాణ్ణి, మన తెలుగు కూలీల పేట కామాఠిపుర నాకు పరాయి చోటేమీ కాదు. కొత్తదల్లా ఫోర్‌మన్ హోదానే. రేకుపనిలో పన్నెండేళ్ల అనుభవం, ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్, ఆ రెండింటినీ మించిన పొగరుతో వెళ్లాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత జరిగినదానికి ఎవరూ నా మీద జాలిపడనక్కర్లేదు.

అక్కడ నా చేతికొచ్చిన మొదటి పెద్ద పని రాజమల్లు మేస్త్రీ కారు. ఆయన మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, బొంబాయిలో నలభై ఏళ్లు ఇళ్లు కట్టిన మనిషి. ఒక బిల్డింగు సేఠ్ కొత్త కారు కొన్నప్పుడు, తన పాత నల్లటి విలాయతీ కారును ఆయనకు బహుమతిగా ఇచ్చేశాడు. గల్లీలో ఏ పెళ్లికొడుకైనా దాంట్లోనే ఊరేగాలి. ఇప్పుడు దానికి పాసింగ్ గడువు ముంచుకొచ్చింది. పాసింగ్ అంటే పాత బండి ఇంకా రోడ్డుకు పనికొస్తుందో లేదో ఇన్‌స్పెక్టరు తేల్చే పరీక్ష. అడుగురేకులో తుప్పు కనబడితే బండి భంగారుకే, అంటే పాత ఇనుము కొట్టుకే. పరీక్ష వచ్చే మంగళవారం.

“నలభై ఏండ్లు తలమీద తట్ట మోసిన, బిడ్డా. ఇప్పుడు గిది నన్ను మోస్తున్నది. దీన్ని భంగార్ల పోనియ్యకు” అన్నాడు మేస్త్రీ. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. నేను చూసుకుంటానని మాటిచ్చాను.

మర్నాడు అడుగున పరిచిన రబ్బరు పట్ట లేపితే రేకు కనబడలేదు. నున్నటి సిమెంటు గచ్చు కనబడింది. పదేళ్ల కిందట అడుగు తుప్పుపట్టి చిల్లులు పడితే, మేస్త్రీ తనకు తెలిసిన పని చేశాడు. ఈ తలుపు గుమ్మం నుంచి ఆ తలుపు గుమ్మం దాకా ఇనుప చువ్వలు కట్టి స్లాబు వేశాడు. పైన ఎర్ర రంగు పాలిష్ కూడా పెట్టాడు. డిక్కీ మూత తీస్తే ఇంకా ఘోరం. చాళ్లలో స్నానానికి కట్టుకునే మోరీలాగా అక్కడ ఏటవాలుగా గచ్చు చేసి, మూలన నీళ్లు పోవడానికి చిన్న పైపు దించాడు. నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. చాలక, వెల్డర్ దత్తాను పిలిచి మరీ చూపించాను.

మేస్త్రీ మొహం ముడుచుకున్నాడు. “నవ్వు బిడ్డా, నవ్వు. పదేండ్లాయె, ఒక్క చీలిక రాలే. మీ రేకులు ఉన్నయా గట్ల?”

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. లారీకి ఉన్నట్టు ఆ కారుకు వేరే చాసీ చట్రం లేదు. అడుగు, గుమ్మాలు, పైకప్పు కలిసి ఒకే పెట్టె. అందుకే అడుగు కోసే ముందు తలుపు సందుల్లో అడ్డంగా ఇనుప బద్దలు వెల్డింగ్ చేయడం మా పద్ధతి. అవి లేకపోతే బాడీ మధ్యలో కుంగుతుంది. ఈ పాఠం నేనే పదిమందికి చెప్పినవాణ్ణి. కానీ ఆ రోజు రేకు కోయడం లేదు కదా, సిమెంటు పగలగొట్టడమే కదా, దానికి బద్దలెందుకు అనుకున్నాను. కారును ముందూ వెనకా దిమ్మెల మీద నిలబెట్టి సుత్తి పట్టాను. తన స్లాబు చివరి చూపు తనే చూస్తానని మేస్త్రీ పట్టుబట్టి, వెనక సీట్లో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

చివరి చువ్వ కోయగానే కిర్రుమని చప్పుడైంది. నడుం పట్టేసినట్టు కారు మధ్యలో కుంగిపోయింది. నాలుగు తలుపులూ బిగుసుకుపోయాయి. సిమెంటుతోపాటే తుప్పు రేకూ ఊడి రావడంతో, ఉలిక్కిపడి దించిన మేస్త్రీ కాళ్లు రెండూ చెప్పులతో సహా కారు కింద వేలాడాయి. ఆ కంతలోంచే దిగమందామంటే పొట్ట ఒప్పుకోలేదు. జాకీ పెడితే అది తుప్పులోకి కసుక్కున దిగబడింది. కారూ పోయింది, మాటా పోయింది అనుకున్నాను.

ఆయన భార్య పోశవ్వ చాయ్ తెచ్చి, సగం తెరిచిన కిటికీలోంచి అందించింది. మొగుణ్ణి అటూ ఇటూ పరీక్షగా చూసి, “మంగళారం దాంక ఈడనే ఉంచుండ్రి సాబ్. ఇంట్ల జర నిమ్మలంగుంటది” అంది. అయినా గల్లీలోకి పోయి ముగ్గురు తాపీవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది.

వాళ్లు తెచ్చినవి బల్లీలు. కామాఠిపురలో పాత చాళ్ల వరండాలు కూలకుండా కింద నిలబెట్టే దుంగలవి. మేస్త్రీ చాయ్ తాగుతూ లోపలినుంచే పని నడిపించాడు. గుమ్మం పొడవునా పలక పెట్టించి, దాని కింద పొట్టి బల్లీలు నిలిపి, కారు కొంచెం కొంచెం పైకి లేచేలా చెక్క చీలలు కొట్టించాడు. బరువు పలకంతా పరుచుకోవడంతో తుప్పు రేకు చిరగలేదు. మట్టం చూడ్డానికి నీళ్లు నింపిన సన్నని పైపు కిటికీలోంచి తీసుకుని, ఒక కొస తనే పట్టుకున్నాడు. “ఎడమకు ఒక దెబ్బ. బస్, ఆపుండ్రి!” అన్నాడు. తలుపు టక్కున తెరుచుకుంది. నా కొలబద్ద పెట్టి చూస్తే నాలుగు తలుపుల సందులూ సమానంగా ఉన్నాయి.

అప్పుడు బద్దలు వేశాను. అట్టముక్కలతో నమూనాలు తీసి, పద్దెనిమిది గేజి రేకు కోసి, అడుగూ డిక్కీ కొత్తగా వెల్డింగ్ చేసి తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు కొట్టాం. డిక్కీలో మాత్రం మేస్త్రీ పైపు పెట్టిన మూలలోనే చిల్లు వదిలి రబ్బరు బిరడా పెట్టాను. అక్కడ నీళ్లు నిలవబట్టే మొదట తుప్పు పుట్టిందని, నాకన్నా పదేళ్ల ముందే ఆయన కనిపెట్టాడు.

మంగళవారం ఇన్‌స్పెక్టరు స్క్రూడ్రైవరుతో అడుగంతా పొడిచి చూసి పాస్ చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రీ నన్ను పెళ్లికొడుకులు కూర్చునే చోట కూర్చోబెట్టాడు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

పక్కవాడి పనిని చూసి నవ్వొచ్చు. తీసేసే ముందు మాత్రం అది ఏ బరువు మోస్తోందో కనుక్కోవాలి. రిటైరయ్యేదాకా నా సెక్షన్ బోర్డు మీద మూడు నియమాలు రాయించి ఉంచాను. ఏది పగలగొట్టాలన్నా ముందు బద్దలు వేయాలి. తలుపులు తెరిచి మూసి చూడాలి. లోపల కూర్చున్న మనిషిని దింపాలి. మూడోది చదివి కొత్తవాళ్లు నవ్వేవారు, నేను నవ్వేవాణ్ణి కాదు.