యాకూబ్ సాబ్ సంతకం పెట్టని విమానం

ఈ ఉదయం ఒక మిల్లులో ఎవరో బేరింగులను కిరోసిన్‌తో కడుగుతున్నారు. ఆ వాసన తగలగానే పని ఆపి కాసేపు కూర్చుండిపోయాను. విమానాల ఇంధనం కూడా ఇంచుమించు ఇదే వాసన వేస్తుందని నాకు తెలిసింది యాకూబ్ సాబ్ వల్ల. ముప్పై ఏళ్లు విమానాలు మరమ్మతు చేసి, రిటైరై వరంగల్‌కు తిరిగొచ్చిన ఇంజనీరు ఆయన. మోకాళ్ల నొప్పులు, మందపాటి కళ్లద్దాలు, ఎప్పుడూ అలసిపోయినట్టుండే గొంతు.

అప్పట్లో నేను ఒక నూలు మిల్లు యజమాని దగ్గర ఆఫీసు పనులు చూసేదాన్ని. మామునూరులోని పాత రన్‌వే మళ్లీ తెరుస్తారని ఊళ్లో గట్టిగా అనుకుంటున్న రోజులు. మా సార్ మనసు సొంత విమానం మీద పడింది. కొత్తది కాదు; ఎవరో వాడి అమ్ముతున్న ఆరు సీట్ల చిన్న జెట్. పొట్టి రన్‌వే మీద కూడా దిగుతుందని దానికి పేరు. కొంటే దాని వ్యవహారమంతా నాకే అప్పగిస్తానన్నారు. వరంగల్ కాశిబుగ్గలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని, ఆ మాట అప్పుడే ఇంట్లో చెప్పేశాను కూడా. కొనేముందు విమానాన్ని పరీక్షించడానికి యాకూబ్ సాబ్‌ను పిలిపించారు. ఆయన వెంట వెళ్లి రిపోర్టు రాయడం నా పని.

వేరే రాష్ట్రంలో, ఒక పెద్ద షెడ్డులో ఉంది విమానం. తెల్లగా, ముద్దుగా. నేను తోలు సీట్లో కూర్చుని ఫొటో దిగాను. ఆయన చక్రాల దగ్గర నేల మీద పడుకుని, టార్చి వేసుకుని గంటసేపు చూశారు. లేవడానికి నా చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

"పొట్టి రన్‌వే మీద దిగుతది, నిజమే. కానీ మన మే నెల ఎండల, నిండా మనుషుల్ని ఎక్కించుకొని లేవాలంటే ఇంకింత జాగ కావాలె. అది సేటుకు చెప్పాలె," అన్నారు.

మర్నాడు లాగ్‌బుక్కులు తిరగేశారు. విమానం తయారైన నాటి నుంచి జరిగిన ప్రతి మరమ్మతూ ఆ పుస్తకాల్లో ఉండాలి. చక్రాల భాగం మరమ్మతులు రాసిన పుస్తకం ఒకటి కనిపించలేదు. ఆఫీసు మారినప్పుడు ఎక్కడో పోయిందని, పని మాత్రం జరిగిందని అమ్మేవాళ్ల మనిషి చెప్పాడు. యాకూబ్ సాబ్ కళ్లద్దాలు తీసి కళ్లు రుద్దుకున్నారు.

ఆ సాయంత్రం రిపోర్టు టైపు చేస్తూ, ఆ చోట 'సాధారణంగా సంతృప్తికరం' అని రాశాను. అది అబద్ధం కాదనే అనుకున్నాను. ఆయన చదివి, ఆ మాట మీద వేలు పెట్టారు.

"ఈ మాట ఎవరిది బిడ్డా?"

"నాదే సార్. పని అయ్యిందనే అంటాన్రు గద."

"అయ్యిండొచ్చు. మనం చూడలే. నీకు గీ విమానం కావాలె, నాకు సమజైతాంది. నాకు సుత కావాలె. కొంటే నన్ను పనిల పెట్టుకుంటనన్నడు సేటు. ఇంట్ల ఖాళీగ కూసొని పానం విసిగింది. అయినా చూడంది చూడలేదనే రాయి."

మేం తిరిగొచ్చాక, 'చూడలేదు' అని మార్చి రాసిన రిపోర్టును మా సార్ బల్ల మీద పడేశారు. "ఒక్క పుస్తకం కోసం గింత లొల్లా యాకూబ్ భాయ్? అంతా మంచిగున్నదని రాసి సంతకం పెట్టున్రి. జిమ్మేదారి నాది."

"పెట్టలేను సేటు. జర మాఫ్ చెయ్యిన్రి," అని ఆయన రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయారు.

ఆ సంతకం లేనిదే బ్యాంకు అప్పు ఇవ్వలేదు, బేరం తప్పిపోయింది. నాకు రావలసిన పనీ రాలేదు. కోపంతో ఆరు నెలలు నేను ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆ విమానాన్ని తరవాత ఇంకెవరో కొన్నారు. అది చక్కగా తిరుగుతోందని తెలిసి, ఆ మాట చెప్పడానికే వాళ్లింటికి వెళ్లాను. నొప్పించాలనే వెళ్లాను. "మంచి మాట చెప్పినవ్ బిడ్డా. దాంట్ల మనుషులు కూసుంటరు గద," అంటూ ఆయన నిజంగానే సంతోషపడి, చాయ్ పెట్టమని లోపలికి కేకేశారు. తన అనుమానం నిజం కావాలని ఆయన ఒక్కనాడూ కోరుకోలేదు. అది నాకు అర్థమయ్యేసరికి ఆయన దవాఖానలో ఉన్నారు. మళ్లీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు నేను పాత మిల్లు యంత్రాలు కొనేవాళ్ల తరఫున వాటిని పరీక్షిస్తాను. ప్రతి రిపోర్టు చివరా నేను చూడలేకపోయినవేమిటో ఒక పేరా ఉంటుంది. అది నచ్చక కొందరు మళ్లీ పిలవరు. నిన్న ఒకాయన ఫోన్ చేసి, ఆ పేరా తీసేస్తే వచ్చే నెల ఇంకో మిల్లు పని ఇస్తానన్నాడు. కుదరదని చెప్పడానికి నాకు ధైర్యమేమీ అక్కరలేకపోయింది. చూడంది చూసినట్టు రాసి, దాన్ని మోసే ఓపిక ఒంట్లో లేదు, అంతే. చెప్పేసి అన్నం తినడానికి లేచాను.