తివాచీ తిరగేసి చూపించే ఆయన

ఏలూరులో మా పక్కింటాయన తివాచీలు నేసేవారు. కొనేవాళ్ళు పైన పువ్వులు చూసి మెచ్చుకుంటుంటే, ఆయన తివాచీ తిరగేసి, "పనంతా వెనకుంటుందండీ, ఇటు చూడండి" అని ముడులు చూపించేవారు.

నేను పంతులమ్మగా చేరిన ఏడాది మా వీధిలో మూడు రోజులు తోలుబొమ్మలాట పెట్టించారు. పొద్దున్నే నూతి దగ్గర చేరి, రాత్రి చూసినదాని మీద తలా ఒక మాట అనుకునేవాళ్ళం. రెండో ఆట మర్నాడు అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

"రాణి బొమ్మ మాట మధ్యలో కొయ్యబారిపోతోంది. ఇదేం ఆటండీ! మూడోది వద్దని చెప్పేద్దాం."

నీళ్ళకొచ్చిన పక్కింటాయన బిందె దించి, "వెనక్కెళ్ళి చూశారా అండీ, పంతులమ్మగారూ?" అన్నారు.

మూడో ఆట ఆగలేదు.

ఆ రాత్రి ఆయన తన తల్లిగారిని తోడిచ్చి నన్ను తెర వెనక్కి పంపారు. ఒక్కత్తే ఆడమనిషి, రెండు చేతులా రెండు బొమ్మలు ఆడిస్తూ, కాలితో చెక్క తొక్కి తాళం వేస్తూ పాడుతోంది. వీపున కట్టుకున్న చంటిపిల్ల ఏడిస్తే ఒక చెయ్యి వెనక్కి పోయేది. రాణి ఆగిపోయేది అప్పుడే.

నాకు పాఠం చెప్పడం నేర్పినవాళ్ళు వేరే ఉన్నారు. పిల్లల్ని చూడడం నేర్పింది మాత్రం ఆయనే.

కొన్నాళ్ళకి క్లాసులో ఒక పిల్ల రోజూ నిద్రపోతోందని బెత్తం తీశాను. మళ్ళీ పెట్టేసి, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి మంచంలో ఉంది. ఆ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని అన్నం వండుతోంది.

మర్నాడు తను మళ్ళీ నిద్రపోతే, మొహాన ఎండ పడకుండా కిటికీ తలుపు దగ్గరగా వేశాను.