రొటండిటీ అనగా రొట్టె తిండి

ఆ రోజుల్లో మా కడప జిల్లాలో నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చినవాడంటే పెండ్లి సంబంధాల్లో గిరాకీ ఉండేది. ఆ నాలుగు ముక్కలేవో ఎవరూ అడిగేవారు కారు గనుక మాబోటి వాళ్ల బతుకు సుఖంగా వెళ్లిపోయేది. మగ్గాల ఇంట్లో పుట్టి స్కూలు ఫైనలు గట్టెక్కిన (ఎన్నోసారికో అడక్కండి) నన్ను అలా అడిగిన మొదటి మనిషి డోన్‌లో మా ఆవిడ మేనమామ. అప్పటికింకా ఆమె మా ఆవిడ కాదు, అదే చిక్కు.

పెండ్లిచూపులకని పెదనాయనతో బయలుదేరాను. దారిలో పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ తిననివ్వలేదాయన. "నిండు కడుపుతో పోతే ఆ ఇంటోళ్లను అవమానించినట్లురా" అన్నాడు. గుత్తిలో బండి మారి డోన్‌లో దిగేసరికి నాకు ఆకలితో కళ్లు తిరుగుతున్నాయి. గుమ్మంలో ఒక పిల్ల కాళ్లు కడుక్కోమని చెంబు తెచ్చిచ్చి, నా వాలకం చూసి నవ్వాపుకుంటూ లోపలికి పోయింది. పెండ్లికూతురు ఆమేనని తెలిశాక, చేసుకుంటే ఈ పిల్లనే, లేకుంటే పెండ్లే వద్దని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

ఆ ఇంట్లో మేనమామ మాటే మాట. రైల్వే గుమాస్తా, దొరల దగ్గర పనిచేసినవాడు, మనిషి నిండుగా గుండ్రంగా ఉన్నాడు. "ఏమప్పా, ఇంగ్లీషు శానా చదివినావంట గదా? రొటండిటీ అంటే ఏమి? యాడ్నుంచి పుట్టింది ఆ మాట? చెప్పు సూద్దాం" అన్నాడు. నేను పెదనాయన వైపు చూశాను. ఆయన మంచివాడు, సాయం చేద్దామని తన పొట్ట మీద చేయి పెట్టి గుండ్రంగా నిమిరి చూపించాడు. అదే సమయానికి వంటింట్లోంచి టపటపా జొన్నరొట్టెలు తట్టే చప్పుడు, వెనకే కమ్మటి వాసన. పొట్ట, రొట్టె! నాకు జ్ఞానోదయమైంది.

"రొట్టె తిండయ్యా! మన రొట్టెలు తిని తిని, ఆ మాట దొరలు ఎత్తుకోని పోయినారు" అన్నాను.

పెదనాయన గర్వంగా మీసం దువ్వాడు. మేనమామ మాత్రం ఎర్రబడ్డాడు. "రొట్టె గాదప్పా, రోటా! లాటిన్‌లో రోటా అంటే చక్రం. దాంట్లోనుంచి వచ్చింది, గుండ్రనితనం అని అర్థం. ఇదో, ఇట్లా!" అని మళ్లీ పొట్ట చూపించాడు.

"చక్రమైనా రొట్టైనా గుండుగానే కదయ్యా ఉండేది" అని నోరు జారాను. తలుపు వెనక కిసుక్కుమని నవ్వు.

"ఈ సంబంధం మనకొద్దు" అంటూ ఆయన లేవబోయాడు. అంతలో పిల్ల తల్లి బయటికొచ్చి, "అన్నా, పిల్ల ఈ పిల్లోన్నే చేసుకుంటానంటాంది" అంది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మేనకోడలి మాట ముందు లాటిన్ చెల్లదనుకున్నాడేమో, "సరే, ముందు ఆ పిల్లోనికి తిండి పెట్టండి" అన్నాడు.

చాలా ఏండ్ల తర్వాత, ఆ రోటా, మన రథం ఒకే మూలంలోంచి పుట్టిన మాటలని ఎక్కడో చదివి, మా ఆవిడకు గొప్పగా చెప్పాను. "రొటండిటీ అంటే ఏమో నాకు ఆ పొద్దే తెలుసు, మిషను బడిలో చెప్పినారు" అంది. "తెలిసీ నన్నెట్ల చేసుకున్నావే?" అన్నాను.

"మామ పొట్ట నిమురుకుంటే నీకు రొట్టె కనబడింది. ఆకలి దాచుకోలేనోడు నా దగ్గర ఇంకేం దాస్తాడులే అనుకున్నా" అంది.

ఆ తర్వాత దాచాలని చాలా ప్రయత్నించాను, ఒక్కటీ కుదరలేదు. ఇప్పుడు ఈ వయసులో సగం రొట్టె తినగానే చాలంటున్నాను. ఆ రోజు ఆ ఇంట్లో ఎన్ని పెడితే అన్నీ తిన్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ఈర్ష్య కూడా కలుగుతుంది.