ఇచ్చేవాళ్ళు సున్నా

...అందుకే నిన్నటి డైరీ పేజీలో ఒక మాట దాచాను. మా పెద్దమామ పోయారని రాశాను. మంగళవారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగిపోయిందని రాశాను. ఆయన భద్రంగా ఉంచమని ఇచ్చినదాన్ని నేను చెరిపేశానని మాత్రం రాయలేదు.

పెద్దమామ అంటే మా అమ్మకు అన్న. కోయంబత్తూరు గాంధీపురంలో, బస్‌స్టాండు వెనక సందులో, ఇంటి ముందుగదిలోనే కంప్యూటర్లు బాగుచేసేవారు. మదురై నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా నేను ఆయన బల్ల పక్కనే కూర్చునేదాన్ని. ఇంగ్లీషు మీడియం పిల్లనైన నాకు కీబోర్డు మీద కాగితం ముక్కలు అంటించి ఈ తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే. పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసి ఇచ్చిందీ ఆయనే.

టారెంట్ అంటే, ఫైలు ఎవరి మిషన్లో ఉందో అక్కడినుంచే నెట్ మీద మన మిషన్లోకి దిగడం. మొదటిసారి అది పెట్టినప్పుడు డౌన్‌లోడ్ మొదలవలేదు. నేను లాప్‌టాప్ మూత దబ్బుమని వేశాను.

"ఏం కన్నూ, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

"స్టార్టే అవలా మామా."

"సెరి. తిట్టినావా దాన్ని?"

"రెండు మార్లు."

"అయితే అదీ అలిగుంటుంది. మూత తెరువు. అది ఏం చెప్తా ఉండాదో చదువు ముందు."

ఆయన దేన్నీ ఊహించేవారు కాదు. చూపుడువేలు మొదలుకుని ఒక్కో వేలూ మడుస్తూ ఒక్కొక్కటే అడిగేవారు. డిస్కులో చోటుందా? ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు నీకుందా? ఫైర్‌వాల్ దారి మూసిందా? చిటికెన వేలు మిగిలేది. దాన్ని పట్టుకుని ఊపుతూ చివరి ప్రశ్న అడిగేవారు. "అన్నీ సెరిగా ఉంటే అప్పుడు అడుగు, అవతల ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉండారా అని. ఇచ్చేవాళ్ళు లేకుంటే నీ మిషను పాపం ఏం చేస్తుంది?"

ఆయన దాచినవి వాడిపట్టి ఊళ్ళో ఉండిన మా అవ్వ గొంతు రికార్డింగులు. అవ్వ మామకు అమ్మమ్మ. ఆమె బతికున్నప్పుడు మామ పక్కన కూర్చుని, ఇంట్లో మనం మాట్లాడే తెలుగులో ఆమె చెప్పిన కథలన్నీ రికార్డు చేశారు. మొదటి దాంట్లోనే అవ్వ కసురుతుంది, "ఈ డబ్బాకి చెప్తే నాకు అన్నం పెడ్తుందా రా?" అని. మామ నవ్వు వినిపిస్తుంది. బంధువులందరికీ చేరాలని, నెట్ మధ్యలో ఆగినా ఆగిన చోటినుంచి మళ్ళీ దిగుతుందని, ఆయన వాటిని టారెంట్‌గా పెట్టారు. తిరుమంగళంలో ఉండే చిన్నాన్న ఫోన్లో "వస్తా ఉండాది, వస్తా ఉండాది" అనేవాడు. ఏ రోజూ పెట్టుకోలేదు. పెట్టుకున్నది నేనొక్కదాన్నే.

"నా దగ్గర ఒకటి, నీ దగ్గర ఒకటి. చాలు," అన్నారు మామ.

పరీక్షల తర్వాత లాప్‌టాప్‌లో ఒక ఆటకు చోటు చాలక నేను ఆ ఫోల్డర్ చెరిపేశాను. మళ్ళీ తెచ్చుకోవచ్చులే అనుకున్నాను. పోయిన నెల ఫోన్లో, "అవ్వ బాగుండాదా?" అని అడిగారు. "బాగుండాది మామా," అన్నాను. మా ఇద్దరి మధ్యా చివరి మాట అదే.

కోయంబత్తూరికి వచ్చిన మూడో రోజున, అవ్వ గొంతు మళ్ళీ తెచ్చుకుందామని లాప్‌టాప్ తెరిచాను. టారెంట్ మొదలవలేదు. తిట్టలేదు. వేళ్ళు మడిచాను. డిస్కులో చోటు లేదు, ఆట తీసేశాను. ఫోల్డర్ హక్కు నా పేరు మీద లేదు, మార్చాను. ఫైర్‌వాల్‌లో దారి తెరిచాను. అయినా కదల్లేదు. చిటికెన వేలు మిగిలింది. తెర మీద చదివాను. ఇచ్చేవాళ్ళు సున్నా.

అప్పుడు గుర్తొచ్చింది. చావింట్లో పదహారో రోజు దాకా టీవీ పెట్టరు. మామను తీసుకెళ్ళిన సాయంత్రమే అత్త టీవీ ప్లగ్గు పీకింది. ఆ చేత్తోనే వెనక గదికి వెళ్ళి, ఆయన ఏళ్ళ తరబడి ఆపని సిస్టమ్ ప్లగ్గు కూడా పీకేసింది. ఆయన మీది మర్యాదతోనే. అవ్వను ఇచ్చేది ప్రపంచంలో ఆ ఒక్క మిషనే అని ఆమెకు తెలియదు. కర్మ అయ్యాక దాంట్లో ఉన్నవన్నీ తుడిచేసి ఎవరో చదువుకునే పిల్లకు ఇస్తారట. ఆపమని అడగాలంటే నేను చేసింది చెప్పాలి.

ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళు పందిరి కింద కూర్చున్నారు. నేను వెనక గదిలోకి వచ్చి గడియ పెట్టాను. సిస్టమ్ ప్లగ్గు మళ్ళీ పెట్టాను. పాస్‌వర్డు నాకు తెలియదు. కాని కరెంటు పోయి వచ్చినా సిస్టమూ, టారెంటూ వాటంతట అవే మొదలయ్యేలా ఆయన ఎప్పుడో పెట్టుకున్నారు. సిస్టమ్ మీద పచ్చ దీపం వెలిగింది. కాసేపటికి నా తెర మీద సున్నా పోయి ఒకటి వచ్చింది.

ఆయన కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. సగం దాటింది. మొదటి ఫైలు పూర్తిగా దిగింది. ఉండబట్టలేక, సౌండు బాగా తగ్గించి పెట్టాను. అవ్వ కసురుడు, తర్వాత ఆయన నవ్వు. "మళ్ళీ చెప్పు అవ్వా. ఈ మారు మెల్లగా."

తలుపు తడుతున్నారు.

"లోన ఎవరు?" అత్త గొంతు. నేను సౌండు ఆపేశాను. తర్వాత మెల్లగా, తలుపుకు నోరు ఆనించినట్టు, "పాపా... ఇప్పుడు మీ మామ మాట వినబడినట్టుండాదే?"

ఈ పేజీలు కీబోర్డు కింద దాచేస్తాను. మినుకుమంటున్న పచ్చ దీపాన్ని ఎక్కడ దాచాలో తెలియడం లేదు.