అరిచినవాళ్లకి ఉల్లిపాయలు

సుక్రు మాస్టరుకి ఉన్నది ఒక్కటే చాదస్తం. ఎదుటివాడు గొంతు పెంచితే చాలు, వాడి చేతిలో ఓ చాకూ నాలుగు ఉల్లిపాయలూ పెట్టేస్తాడు.

అరకు రోడ్డు మలుపులో ఉన్న ఫాస్ట్‌ఫుడ్‌లో ఆయన వంట మాస్టరు. ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చేసరికి టూరిస్టులకు ఒకపక్క కడుపులో తిప్పుతుంటుంది, ఒకపక్క ఆకలి మండుతుంటుంది. దిగీదిగగానే కౌంటర్లో ఉన్న సోని మీద విరుచుకుపడతారు. అంతే, సుక్రు మంట తగ్గించి బయటికొస్తాడు.

"ఇలా లోపలికి రండి బాబూ. ఇయి కోసీండి, బేగి అయిపోద్ది."

పెళ్లింట్లో చుట్టానికి పని చెప్పినట్టు చెబుతాడు. కాదనడానికి ఎవరికీ నోరు రాదు. ఓ బ్యాంకు మేనేజరు సగం బుట్ట కోసి, పోతూ పోతూ "ముక్కలు సన్నగా వచ్చాయా?" అని అడిగి మరీ వెళ్లాడు. ఓ కొత్త పెళ్లికొడుకు కళ్లు తుడుచుకుంటూ కోస్తుంటే పెళ్లాం వీడియో తీసి వాళ్లమ్మకి పంపింది.

ఓనరు సర్వేశ్వరరావుకి మాత్రం ఇది తలవంపులుగా ఉండేది. సుక్రుని ఏమీ అనలేడు, అంత చెయ్యి తిరిగిన మాస్టరు మళ్లీ దొరకడు. అందుకని సోని మీద పడ్డాడు.

"కౌంటర్లో ఇంకొక్క గొడవైందా, నువ్వు పెదబయలు బస్సెక్కీడమే."

సోని సొంతూరు అదే. ఈ పనుంటేనే అరకులో ఉండడం, డిగ్రీ చదవడం. వెళ్లి సుక్రుని బతిమాలింది.

"మావా, నీకు దణ్ణం పెడతాను. ఇంక ఎవులికీ ఉల్లిపాయలియ్యకు. నా పని పోద్ది."

"సర్లే గుంటా, ఇయ్యను."

శనివారం నల్ల కళ్లద్దాలాయన ఒకడు దిగాడు. ఫ్రైడ్‌రైస్ కాస్త ఆలస్యమైంది. "బుర్రుందా నీకు? కొండల్లోంచి తెచ్చి కౌంటర్లో కూర్చోబెడితే ఇలాగే తగలడుతుంది" అని మొదలెట్టాడు, ఆపడే. సోని పొయ్యి వైపు చూసింది. సుక్రు బాండీ కదుపుతూ ఆమెనే చూస్తున్నాడు. మాటిచ్చాడు కాబట్టి కదల్లేదు.

ఇన్నాళ్లూ ఈ తిట్లన్నీ ఎక్కడికి పోయేవో సోనికి అప్పుడు తెలిసింది. అరిచినవాణ్ణల్లా మావ తన పొయ్యి దగ్గరికి లాక్కుపోయేవాడు. మిగతా తిట్లన్నీ అక్కడ ఆయనే పడేవాడు.

సోని లోపలికెళ్లి చాకూ ఉల్లిపాయలూ పట్టుకొచ్చింది. పని పోతే పోనీ అనుకుంది.

"లోపలికెళ్లి ఇయి కోసీండి సార్. బేగి అయిపోద్ది."

ఆయన కళ్లద్దాలు తీసి చాకూ వైపు చూశాడు. పక్కనున్న భార్య, "వెళ్లండి, ఇంట్లో ఎలాగూ ముట్టుకోరు" అంది. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇంక వెళ్లక ఏం చేస్తాడు?

సరిగ్గా అప్పుడే సర్వేశ్వరరావు దిగబడ్డాడు. "ఏటిది సోనీ? నీకెన్నిసార్లు సెప్పాలి?" అని గొంతు పెంచాడు.

సుక్రు మంట తగ్గించాడు. ఇచ్చిన మాట గట్టున పెట్టి, కళ్లద్దాలాయన పక్కన ఇంకో స్టూలు వేశాడు.

"ఇలా రండి బాబూ."

అందరూ చూస్తున్నారు. ఓనరు కూర్చున్నాడు. రెండో ఉల్లిపాయకే ముక్కు ఎగబీలుస్తూ, "రేపు కూడా బేగి వచ్చీ సోనీ, జనం ఎక్కువుంటారు" అన్నాడు.

సాయంత్రం గిన్నెలు సర్దుతూ సోని అడిగింది. "మావా, ఉల్లిపాయలే ఎందుకు? క్యాబేజీ ఇయ్యొచ్చు కదా?"

"క్యాబేజీకి కన్నీళ్లు రావు కదే. ఎవులో ఒకలు ఏడవక తప్పనప్పుడు, నువ్వెందుకు ఏడవాలి?"