వెనక గదిలో నాలుగు వందల ఫ్యాన్లు

మా వదిన అగ్గిపెట్టె కొన్నా పుల్లలు లెక్కపెడుతుంది. ఆడపడుచు మీద కక్షతో చెబుతున్న మాట కాదిది, కళ్లారా చూశాను. పెట్టె మీద యాభై అని ఉంది, లోపల నలభై ఆరే ఉన్నాయి. ఆ నాలుగు పుల్లల కోసం కొట్టుకు వెళ్లి, ఇంకో మూడు పెట్టెలు తెరిపించి, వాటినీ లెక్కపెట్టి, కొట్టువాడి చేత మూడు చెరువుల నీళ్లు తాగించి వచ్చింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో టీ పెట్టి ఇస్తే, చక్కెర ఎన్ని చెంచాలు వేశావని అడిగి, నేను చెప్పాక డబ్బా మూత తీసి చూసింది. ఈవిడ దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలని ఆ రోజే అనుకున్నాను.

ఆవిడ మా ఆయనకు సొంత అక్క. బట్టల మిల్లు పనివాళ్ల పొదుపు సంఘంలో ఇరవై ఏడేళ్లుగా గుమస్తా. మిల్లులో మూడు వందల పన్నెండు మంది నెలనెలా జీతంలోంచి కొంత ఆ సంఘంలో దాచుకుంటారు. ఒంట్లో ఓపిక అయిపోయి పని మానుకున్న రోజున వాళ్ల చేతికి వచ్చేది అదొక్కటే. సంఘంలో అందరూ ఆవిడను భూతద్దం అంటారు, ఎదురుగా కాదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో కూడా తెలుసు.

ఆ ఏడాది సంఘం డబ్బంతా ఒక ఫ్యాన్ల కంపెనీలో డిపాజిట్ చేయాలని అధ్యక్షుడికి బుద్ధి పుట్టింది. ఫ్యాన్ల వ్యాపారంలో పోటాపోటీగా ఉన్న కంపెనీలు రెండు. రెండూ జనం దగ్గర డిపాజిట్లు తీసుకుంటున్నాయి. ఒకటి నూటికి పదకొండు వడ్డీ ఇస్తానంటుంది, రెండోది తొమ్మిదే. అధ్యక్షుడి మనసు పదకొండు మీద ఉంది. అయినా పద్ధతి పద్ధతే కనుక, రెండు కంపెనీల వార్షిక లెక్కలూ పోల్చి ఒక పేజీ రాసి ఇమ్మని మా వదినకు అప్పగించారు. ఆ పదకొండు శాతం కంపెనీ ఫ్యాన్లే మా కొట్లో అమ్ముతాం. మా బోర్డు మీద మా ఆయన పేరు కన్నా దాని పేరు మూడింతలు పెద్దది. వదిన రాయబోయే ఆ ఒక్క పేజీ మీద మా కొట్టు బతుకు వేలాడుతోందని అప్పటికి నాకు తెలియదు.

వాళ్లింట్లో బల్ల చిన్నది. అందుకని సెలవు రోజు రెండు పుస్తకాలూ పట్టుకుని మా ఇంటికి వచ్చేది. నిజంగా బల్ల కోసమే వస్తోందా అని నాకు అనుమానం. ఆవిడతో మెలిగితే అనుమానం మనకూ అంటుకుంటుంది. మా కంపెనీ పుస్తకానికి ఎర్రగా మెరిసే అట్ట, లోపల నవ్వుతున్న డైరెక్టర్ల ఫోటోలు. రెండోదానికి బూడిద రంగు అట్ట, ఫోటోలు లేవు. ఆవిడ ఫోటోల వైపు కన్నెత్తి చూడలేదు. రెండు పుస్తకాలనూ చివరి పేజీ నుంచి వెనక్కి చదివింది. తర్వాత తెల్లకాగితం మధ్యలో పెన్సిలుతో నిలువు గీత గీసి, ఇటు ఎరుపు, అటు బూడిద అని రాసింది.

అమ్మకాలు ఎర్ర కంపెనీకి ఏడాదిలో నూటికి ఇరవై నాలుగు పెరిగాయి, బూడిద కంపెనీకి ఆరు. లాభం ఎర్రదానికి తొమ్మిది కోట్లు, బూడిదదానికి నాలుగు. నేను టీ ఇస్తూ తొంగి చూసి, ఇంకేం వదినా, మా కంపెనీయే గెలిచిందిగా అన్నాను. ఆవిడ తలెత్తలేదు.

"అమ్మారు సరే అమ్మాయ్, డబ్బు చేతికొచ్చిందా లేదా చూడాలిగా," అంది.

చూసింది. బూడిద కంపెనీకి అమ్మిన సరుకు డబ్బు నలభై రోజుల్లో వసూలవుతోంది. ఎర్ర కంపెనీకి నాలుగు నెలలు పడుతోంది. తొమ్మిది కోట్ల లాభం చూపించిన ఏడాదిలోనే, వ్యాపారం మీద చేతికొచ్చిన డబ్బు కన్నా చేతిలోంచి పోయింది రెండు కోట్లు ఎక్కువ. ఆ లోటు కొత్త అప్పులతో పూడ్చారు. మన దగ్గర తీసుకునే డిపాజిట్టు కూడా అందులోకే పోతుందంది. పెరిగే కంపెనీకి ఇవన్నీ మామూలేనని అధ్యక్షుడు అప్పటికే కొట్టిపారేశాడట. బాకీలు ఎందుకు పేరుకున్నాయో చూపించలేకపోతే తన పేజీని ఎవరూ లెక్కచెయ్యరని ఆవిడ దిగులు. ఆ దిగులుతో ఇల్లంతా తిరిగింది. మా వెనక గది గుమ్మంలో ఆగింది. గది ఖాళీగా ఉంది కానీ, నాలుగు గోడలకూ నిలువెత్తున సున్నం గీరుకుపోయి ఉంది. ఈ గోడలకేమైందని అడిగింది.

నోరు జారింది నేనే. జారింది అని ఇప్పుడంటున్నాను కానీ, అప్పుడు కడుపులో ఉన్న మంటంతా వెళ్లగక్కాను. కంపెనీ లెక్కలు మూసే ఆఖరి వారంలో లారీ వస్తుంది, నాలుగు వందల ఫ్యాన్ల పెట్టెలు ఇంటికప్పు దాకా పేరుస్తారు, మంచాలు వసారాలోకి ఈడ్చుకుని మూడు వారాలు దోమల్లో పడుకుంటాం, తర్వాత అదే లారీ వచ్చి అవే పెట్టెలు ఎక్కించుకుపోతుంది, గోడలకు సున్నం మాత్రం నేను వేయించుకోవాలి. అంతకు ముందు ఏడాది వంద పెట్టెలే, ఈసారి నాలుగు వందలు. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

వదిన వెళ్లి బల్ల దగ్గర కూర్చుని, ఎర్ర పుస్తకంలో డీలర్లు ఎంతమందో వెతికింది. ఆరు వందల పన్నెండు మంది. ఇంటికి నాలుగు వందల చొప్పున పెన్సిలు కాసేపు గబగబా నడిచి ఆగిపోయింది. కొట్టు మూసి అప్పుడే ఇంటికొచ్చిన మా ఆయన ఆ కాగితం చూసి మాట దాటేయబోయాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు. డీలర్లందరికీ ఇది మామూలే. సరుకు ముట్టిందని చలానా మీద సంతకం పెడతారు, కంపెనీ దాన్ని అమ్మకం కింద రాసుకుంటుంది, కొత్త ఏడాది మొదలవగానే వాపసు తీసుకుంటుంది. దీనికి ఏడాది సాయం అని పేరు. పోయినసారి సాయానికి మాకు ముట్టింది మా వంటింట్లో ఉన్న ఫ్రిజ్. కొట్టు బాగా నడుస్తున్నందుకు బహుమానం అని నాకు చెప్పాడు. నేను దాన్ని రోజూ తుడుచుకుంటూ మురిసిపోయాను.

"ఆ చలానా ఓసారి ఇవ్వరా," అంది వదిన.

"అక్కా, నా పొట్ట కొట్టకు," అన్నాడు మా ఆయన.

ఆవిడ మళ్లీ అడగలేదు. పుస్తకాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. తోబుట్టువని ఊరుకుంటుందని ఒక పూట, అగ్గిపుల్లల్నే వదలని మనిషి ఊరుకుంటుందా అని ఇంకో పూట. నిజం చెప్పొద్దూ, ఊరుకోవాలనే కోరుకున్నాను. మూడు వందల పన్నెండు మంది మొహాలు నేనెప్పుడూ చూడలేదు, మా కొట్టు రోజూ చూస్తున్నాను.

ఆవిడ ఊరుకోలేదు. సంఘం సమావేశంలో పేజీ చదివి, ఒక డీలరు ఇంటికి ఏడాది ఆఖరున నాలుగు వందల ఫ్యాన్లు వచ్చి ఇరవై ఒకటో రోజున వెనక్కి పోయాయని చెప్పింది. ఎవరా డీలరని అధ్యక్షుడు నిలదీశాడు.

"నా తమ్ముడు," అందట.

డబ్బు బూడిద కంపెనీలో పడింది. నెల తిరక్కుండా ఎర్ర కంపెనీ మా డీలర్‌షిప్ తీసేసి, బోర్డు కూడా విప్పుకుపోయింది. మా ఆయన అక్కతో మాట మానేశాడు. నేను మానలేదు, ఎదురుపడ్డప్పుడల్లా దులిపేశాను. ఆవిడ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. అది నన్ను ఇంకా మండించింది.

ఏడాదిన్నర తిరిగేసరికి ఎర్ర కంపెనీ డిపాజిట్లకు వడ్డీ ఆపింది, తర్వాత అసలూ ఆపింది. మిల్లు వాళ్లు ఆవిడను భూతద్దం అనడం మానలేదు కానీ ఇప్పుడు ఎదురుగానే, ప్రేమగా అంటున్నారు. మా ఆయన ఒకరోజు అక్క ఇంటికి వెళ్లి అన్నం తిని వచ్చాడు. ఆలోపే బూడిద కంపెనీ డీలర్‌షిప్ మాకు దొరికింది. ఒప్పందం కాగితాలు వదినే చదివింది, చివరి పేజీ నుంచి. వెనక గదికి సున్నం వేయించి మంచాలు వేసుకున్నాం. నేను కాస్త గర్వంగానే తిరిగాను.

ఆ డీలర్‌షిప్ తీసుకున్న రెండో ఏడాది ఆఖరి వారంలో బూడిద కంపెనీ మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి వచ్చాడు. ఈసారి అమ్మకాలు కొంచెం మందకొడిగా ఉన్నాయని, వంద పెట్టెలు మూడు వారాలపాటు మా ఇంట్లో ఉంచుకుంటే కంపెనీ మమ్మల్ని మరిచిపోదని చెప్పి, చలానా పుస్తకం బల్ల మీద పెట్టాడు. మా ఆయన నా వైపు చూశాడు. గది ఖాళీ లేదండీ, మంచాలున్నాయి అన్నాను నేను. ఆలోచించుకోండని ఆయన చలానా అక్కడే వదిలి వెళ్లాడు.

దాన్ని పట్టుకుని ఇద్దరం వదిన ఇంటికి వెళ్లాం. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. మూడు వందల పన్నెండు మంది కష్టార్జితం ఆవిడ మాట మీదే అక్కడికి చేరింది.

"పక్కపక్కన పెట్టి చూశాను కదా, ఒకటి చెడ్డదని తేలగానే రెండోది మంచిదైపోయింది నాకు. దాన్ని విడిగా అనుమానించనే లేదు," అంది.

నాకు దుఃఖం ఆగలేదు. పట్టరాని కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఇంకా వందే కదా వదినా అన్నాను. మొదట ఎర్ర కంపెనీకీ వందేనంది ఆవిడ. గడువుకు ముందే డబ్బు తీస్తే వడ్డీలో కోత పడుతుంది, అధ్యక్షుడు దుమ్మెత్తిపోస్తాడు, కావలసిన సాక్ష్యం ఈ చలానా ఒక్కటే. అది చూపిస్తే మా డీలర్‌షిప్ ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. అందుకే ఆవిడ దాన్ని మడిచి తమ్ముడి చేతికి తిరిగి ఇచ్చేసింది. ఈసారి అడగనంది.

మా ఆయన ఆ మడత విప్పాడు. సరుకు ముట్టినట్టు సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగానే వదిలి, చలానా వెనక్కి తిప్పి, మేనేజరు అడిగిందంతా తేదీతో సహా రాశాడు. కింద సాక్షి అని రాసి సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. వదిన కళ్లద్దాలు పెట్టుకుని, మా తేదీ సరిగ్గా ఉందో లేదో గోడ మీది క్యాలెండరులో చూసుకుంది.

సంఘం డబ్బు వడ్డీ కోతతో వెనక్కి వచ్చింది. మా బోర్డు మళ్లీ దిగింది. ఇప్పుడున్న బోర్డు మా ఆయనే చేత్తో రాశాడు. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు, ఇక్కడ ఫ్యాన్లు బాగుచేస్తాం అని మాత్రమే ఉంది.